శ్రీశైలం ప్రయాణం: బండి లెక్కలు, బ్రేకుల బేరం

నల్లగొండ నుంచి శ్రీశైలం పోయి వస్తుంటే డిండి దాటాక ఒక మెకానిక్ షెడ్డులో మాకు ₹7,600 దండగ పడేది. ఫోన్లో చూసిన ఒక్క లెక్క కాపాడింది. కుటుంబంతో సొంత బండిలో తిరిగేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఇంట్లో పెద్ద పంచాయితీ. మామయ్య కిరాయి బండే మాట్లాడమన్నారు. కిలోమీటరుకు ₹14, రోజుకు కనీసం 300 కిలోమీటర్లు, పైన డ్రైవర్ బత్తా ₹500. రెండు రోజులకు ₹9,400 అవుతుంది. మా బండి వివరాలు ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్‌లో వేస్తే కిలోమీటరుకు దాదాపు ₹16 చూపించింది. 'చూసినవా, కిరాయే నయం' అన్నారాయన. కానీ అందులో ₹7.50 ఇన్సూరెన్సుది, ఏటా తరిగిపోయే బండి ధరది. బండి ఇంటి ముందు ఊరికే నిలబడ్డా ఆ ఖర్చు ఆగదు. బండి కొనాలా వద్దా అని చూసేటప్పుడు అవి కలపాలి. ఒక ప్రయాణానికైతే పెట్రోలు, టైర్లు, సర్వీసింగు కలిపితే చాలు. అది ₹8.40. సొంత బండే తీశాం. మామయ్య దేవరకొండ దాకా మాట్లాడలేదు.

మైలేజీ గడిలో మాత్రం కంపెనీ చెప్పే అంకె వెయ్యకండి. మా బండికి వాళ్లు చెప్పేది 22.4. ఆ లెక్కన 392 కిలోమీటర్లకు ₹1,890 కావాలి. బయల్దేరేటప్పుడు ట్యాంకు నిండా కొట్టించి, తిరిగొచ్చాక మళ్లీ నింపితే 25 లీటర్లు పట్టింది. లీటరు ₹108 చొప్పున ₹2,700. ఏసీ, ఐదుగురు మనుషులు, ఘాట్లు ఆ క్యాలిక్యులేటర్‌కు తెలియవు.

దర్శనం బాగా జరిగింది. లాడ్జి గది ₹1,800, శుభ్రంగానే ఉంది.

ఈగలపెంట నుంచి డ్యాం దగ్గరికి దిగే మలుపుల్లో బామ్మర్ది బ్రేకు మీది నుంచి కాలు తియ్యలేదు. మాడిన వాసన వచ్చింది. ఆపి చల్లారనిచ్చాక, అక్కడి నుంచి దిగుడంతా రెండో గేరులోనే నడిపాడు. తిరుగు దారిలో అనుమానం తీరక షెడ్డు దగ్గర ఆపాం. ఆ మనిషి చక్రం విప్పి, 'ప్యాడ్లు అయిపోయినయి, డిస్కులు గూడ పోయినయి, ఇట్లనే పోతే పానానికే ముప్పు' అన్నాడు. అన్నీ మార్చడానికి ₹7,600 అడిగాడు. అత్తమ్మ భయపడిపోయి, 'పైసలు పోతే పోనీ బిడ్డా, చేపియ్యి' అంది.

కంపెనీ సైట్లో సర్వీసు ఖర్చుల లెక్క తీశా. ముందు చక్రాల ప్యాడ్లు, మజూరీ కలిపి ₹2,900. మా పాప డ్రాయింగ్ బ్యాగులోంచి స్కేలు తీసి ప్యాడ్ కొలిస్తే ఇంకా 6 మిల్లీమీటర్లు ఉంది. 3 దగ్గరికి వస్తే గానీ మార్చే పని లేదు. డిస్కు మీద గీత కూడా లేదు. అదే అడిగితే గొంతు పెంచి, విప్పినందుకు ₹300 ఇచ్చేదాకా చక్రం బిగించనన్నాడు. ఇచ్చి వచ్చాం. నల్లగొండలో మాకు తెలిసిన మెకానిక్ విప్పి చూసి, దుమ్ము దులిపి ₹150 తీసుకున్నాడు. ఏమీ మార్చలేదు.

మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మీ బండి బ్రేకులు, టైర్లు, బ్యాటరీ ధరలు ఇంట్లోనే చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.