అబాట్ లిస్టా, ప్యాక్స్‌టన్ లిస్టా? టెక్సస్ రిపబ్లికన్ ప్రైమరీలో ఏది మేలు?

టెక్సస్‌లో సిటిజన్‌షిప్ వచ్చి, కాస్త రిపబ్లికన్ల వైపు మొగ్గే మనవాళ్లు ప్రైమరీ (పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ముందు ఎన్నిక) రాగానే అడిగే మాట ఒకటే: "ఎవరికెయ్యాలో ఒక లిస్ట్ పంపు బాబూ". లిస్టులకేం, బోలెడు. ఒక లిస్టులో మనవాడైనవాడు ఇంకో లిస్టులో ద్రోహి అవుతాడు, అదీ చిక్కు. 2024 మార్చి 5న జరిగిందే చూడండి.

గవర్నర్ గ్రెగ్ అబాట్ ఒక పక్క, అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది) కెన్ ప్యాక్స్‌టన్ ఇంకో పక్క, ఇద్దరూ కన్సర్వేటివ్‌లే, ఎవరికి ఓటెయ్యాలో మాత్రం చెరో లిస్టు. అబాట్ చూసింది స్కూల్ వోచర్లు, అంటే పిల్లల్ని ప్రైవేటు బడికి పంపడానికి ప్రభుత్వ సొమ్ము. 2023 నవంబరులో 21 మంది రిపబ్లికన్లు డెమొక్రాట్లతో కలిసి రాష్ట్ర హౌస్‌లో (మన అసెంబ్లీ లాంటిది) 84-63తో దాన్ని పడగొట్టారు, దాంతో అబాట్ ఆ రిపబ్లికన్లలో మళ్లీ పోటీకి దిగిన చాలామందిపై ప్రత్యర్థుల్ని బలపరిచాడు. ప్యాక్స్‌టన్ లెక్క వేరు. 2023 మేలో హౌస్ 121-23తో ఆయన్ని అభిశంసించింది, ఓటేసినవాళ్లలో 60 మంది సొంత పార్టీవాళ్లే. సెప్టెంబరులో రాష్ట్ర సెనేట్ నిర్దోషి అని తేల్చాక ఆయన వాళ్ల వెంటపడ్డాడు.

ఆబోతులు కుమ్ములాడుకుంటే లేగల కాళ్లు విరిగినట్టు, మన ప్లేనో, అలెన్ ఉన్న కాలిన్ కౌంటీలో ఇది ఇంకా తమాషాగా నడిచింది. అక్కడి ఎమ్మెల్యే (హౌస్ సభ్యుడు) జెఫ్ లీచ్ వోచర్లకు ఓటేశాడు కాబట్టి అబాట్‌కి కావలసినవాడు, అభిశంసన విచారణలో హౌస్ తరఫున వాదించాడు కాబట్టి ప్యాక్స్‌టన్‌కి పడనివాడు. ఇంకో ఎమ్మెల్యే క్యాండీ నోబుల్‌దీ దాదాపు అదే పరిస్థితి, ఆమె మీద ప్యాక్స్‌టన్ బలపరిచింది కేరళలో పుట్టిన అబ్రహాం జార్జిని. లీచ్, నోబుల్ ఇద్దరూ గెలిచారు. (ఓడిపోయిన జార్జి మాత్రం మేలో రాష్ట్ర పార్టీ ఛైర్మన్ అయ్యాడు, అది వేరే కథ.)

నన్నడిగితే ఎమ్మెల్యే స్థాయి ఓటుకి అబాట్ లిస్టే నయం. వోచర్లు మంచివని కాదు, మా పిల్లలు గవర్నమెంటు బడిలోనే చదువుతున్నారు, బడి బడ్జెట్ మీద నాకూ టెన్షన్ ఉంది. కానీ అక్కడ ప్రశ్న ఒక విధానం గురించి, మీకు అది వద్దనుకుంటే అదే లిస్టుని తిరగేసి వాడుకోవచ్చు. చివరికి 2025 మేలో 100 కోట్ల డాలర్లతో వోచర్ల చట్టం వచ్చిందంటే, వద్దన్నవాళ్లలో కొందరు ఆ ప్రైమరీలో ఓడిపోవడం వల్లే. రెండో లిస్టు మీకు చెప్పేది ప్యాక్స్‌టన్‌కి ఎవరి మీద కోపం అన్నదొక్కటే.

జడ్జీల దగ్గరకొచ్చేసరికి (టెక్సస్‌లో వాళ్లనీ ఓటేసే ఎన్నుకుంటారు) ఇంకా జాగ్రత్త, ఎందుకంటే అక్కడ పేర్లు ఎవరికీ తెలియవు, లిస్టే రాజ్యం. రాష్ట్రంలో క్రిమినల్ కేసులకి పై కోర్టు అయిన క్రిమినల్ అప్పీల్స్ కోర్టులో షారన్ కెల్లర్, బార్బరా హర్వీ, మిషెల్ స్లాటర్, ముగ్గురూ రిపబ్లికన్లే, ముగ్గురూ ఆ ఒక్క రోజే ఓడిపోయారు. కెల్లర్ అయితే ఆ కోర్టులో 1995 నుంచీ ఉన్నావిడ. ప్యాక్స్‌టన్ దృష్టిలో వాళ్ల నేరమల్లా 2021 డిసెంబరు తీర్పు: ఎన్నికల కేసుల్ని అటార్నీ జనరల్ తనంతట తాను నడపడానికి రాష్ట్ర రాజ్యాంగం ఒప్పుకోదని 8-1తో చెప్పడం. రాజ్యాంగంలో ఉన్న అధికారాన్ని మించొద్దు అనడం కన్సర్వేటివ్ మాట కాదా? ప్యాక్స్‌టన్ లిస్టు పట్టుకుని వేసినవాళ్లలో ఎంతమంది ఆ తీర్పు చదివారో మరి. నేనైతే కెల్లర్‌కే వేశాను.

ఇంకో సంగతి. టెక్సస్‌లో పార్టీ రిజిస్ట్రేషన్ ఉండదు, ఏ బ్యాలెట్ కావాలో అక్కడే అడిగి తీసుకుంటారు, కానీ ఒక పార్టీ ప్రైమరీలో వేస్తే రెండో పార్టీ రనాఫ్‌లో (ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ జరిగే ఎన్నిక) వెయ్యనివ్వరు. రనాఫ్ మానొద్దు, 2024 మే 28న అప్పటి హౌస్ స్పీకర్ డేడ్ ఫీలన్ 400 ఓట్ల లోపు తేడాతో బయటపడ్డాడు. పోలింగ్ కేంద్రం లోపల ఫోన్ తియ్యనివ్వరు కాబట్టి, ఏ లిస్టు నచ్చినా ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి.