ఇటలీ ‘స్మాల్ గ్రూప్ ఫుడ్ టూర్’ బుక్ చేస్తున్నారా? అడ్వాన్స్ కట్టేముందు టైములు అడగండి

బొలోన్యా, మోదెనా, పార్మా, మధ్యలో ఒక రోజు రవెన్నా. ఎనిమిది రోజులు, పన్నెండు మంది, ‘అసలైన లోకల్ రుచులు’. ఈ మాటలతో అమ్ముడైన ఒక ప్యాకేజీలో చివరికి దొరికింది ఇదీ: పన్నెండు మంది అన్నది ఇరవై ఆరయ్యారు. చీజ్ తయారీ అని చెప్పి చీజ్ గోడౌన్ చూపించారు. వంట క్లాసు అని చెప్పి, ఎవరో ముందే చేసిపెట్టిన పిండిలోంచి తలా మూడు ముక్కలు చేతికిచ్చారు. శాకాహారులకి రోజూ పూటపూటా ఒకటే టొమాటో పాస్తా. సంస్థ పేరు రాయడం లేదు. ఇదే ప్లాన్‌ని అక్షరం మార్చకుండా వేరే పేర్లతో అమ్మేవాళ్ళున్నారు, కాబట్టి ప్లాన్‌లో తేడా ఎక్కడ పట్టుకోవాలో చెప్పడమే ఎక్కువ ఉపయోగం.

బ్రోషర్లో ఏ రోజు ఏ ఊరో రాస్తారు. ఎన్ని గంటలకో రాయరు. ఈ ప్రాంతపు తిండి అంతా గడియారం మీద నడుస్తుంది కాబట్టి, టైము రాయని ప్లాన్‌కి డబ్బు కట్టకండి.

చీజ్ సంగతే చూడండి. పార్మిజానో రెజ్జానో తయారీ పొద్దుటి పని. ముందు రోజు సాయంత్రం పితికిన పాలని రాత్రంతా వెడల్పాటి తొట్లలో ఉంచి, తేలిన మీగడ తీసేస్తారు. తెల్లవారి వచ్చిన పాలు అందులో కలిపి, తలకిందులుగా పెట్టిన గంటలా ఉండే రాగి కాగుల్లో పోస్తారు. ఒక్కో కాగులో దాదాపు 1100 లీటర్లు పడతాయి. రెన్నెట్ వేశాక పాలు గడ్డకడతాయి. ‘స్పీనో’ అనే తీగల కవ్వంతో ఆ గడ్డని బియ్యపు గింజంత అయ్యేదాకా విరగ్గొట్టి, వేడిని 55 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. గింజలన్నీ అడుక్కి దిగి ఒకే ముద్దవుతాయి. ఇంకో 50 నిమిషాలు ఆగాక ఇద్దరు మనుషులు చెక్క తెడ్డుతో ఆ ముద్దని పైకి లేపి, గుడ్డలోకి తీసుకుని, కత్తితో సగానికి కోస్తారు. ఒక కాగుకి రెండు చక్రాలు, ఒక్కోటి చివరికి 40 కిలోల దగ్గర తేలుతుంది. ఆవిర్లు కక్కుతున్న కాగులోంచి ఆ తెల్లటి ముద్ద గుడ్డలో వేలాడుతూ పైకి రావడం చూడ్డానికే అక్కడికి వెళ్ళేది.

చాలా డెయిరీల్లో ఇదంతా పదిన్నర, పదకొండుకల్లా అయిపోతుంది. ఆ తర్వాత వెళ్తే కడిగిన నేల, ఖాళీ కాగులు, ఉప్పునీటి తొట్లు, అరల నిండా చక్రాలు. అరలు చూడ్డానికి బావుంటాయి, కాదనం. కానీ టికెట్టు మీద రాసింది తయారీ. హోటల్లో టిఫిన్ ఎనిమిదిన్నరకి, బస్సు తొమ్మిదిన్నరకి అని ప్లాన్‌లో ఉంటే డెయిరీకి చేరేది పదకొండు తర్వాతే. అది చూడగానే మీకు తయారీ దొరకదని తెలిసిపోవాలి. ‘ఆదివారం కదా, పని లేదు’ అని సర్దిచెప్పినా ఒప్పుకోకండి. ఆవులు ఆదివారం కూడా పాలిస్తాయి, చీజూ రోజూ చేస్తారు. డెయిరీ ఆ రోజు సందర్శకుల్ని రానివ్వకపోవచ్చు, అది వేరే విషయం, అదీ ముందే తెలిసే విషయమే. ఏజెంటుని అడగాల్సింది రెండే: డెయిరీ పేరు, లోపలికి వెళ్ళే టైము. ఎనిమిది, ఎనిమిదిన్నర అని మెయిల్లో రాసిస్తే నమ్మొచ్చు.

మోదెనాలో అల్బినెల్లి మార్కెట్టూ అంతే. 1931లో కట్టిన కప్పు కింది బజారు అది. మామూలుగా మధ్యాహ్నానికే సర్దేస్తారు, ఆదివారం సెలవు. ‘ఆదివారం మధ్యాహ్నం స్థానిక మార్కెట్ సందర్శన’ అని ప్లాన్‌లో కనిపిస్తే, రాసినవాళ్ళు ఆ ఊరు చూడలేదనుకోవచ్చు. సోమవారం చాలా మ్యూజియాలు మూత. ఆగస్టు 15 చుట్టుపక్కల రెండు వారాలు కుటుంబాలు నడిపే తిండిశాలలు, వర్క్‌షాపులు చాలావరకు తాళాలేసుకుని సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోతాయి. ఆగస్టు టూర్ చవగ్గా వస్తోందంటే అదో కారణం.

బొలోన్యాలో ‘అసినెల్లి టవర్ ఎక్కడం’ అని ఇంకా కొందరు అచ్చేస్తున్నారు. 97 మీటర్లు, 498 మెట్లు. పక్కనున్న గరిసెండా టవర్ ఒరిగిపోతోందన్న భయంతో 2023 అక్టోబర్లో ఆ చోటుని మూసేశారు, దాంతో అసినెల్లి ఎక్కడమూ ఆగిపోయింది. తిరిగి తెరిచినట్టు ఆధారం చూపించమనండి. చూపించలేకపోతే పాత ప్లాన్‌నే తిప్పి తిప్పి అమ్ముతున్నట్టు.

ఇక బాల్సమిక్ వెనిగర్. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. మోదెనాలో ఒకే పేరు చుట్టూ రెండు వేరే సరుకులున్నాయి. ఒకటి ‘ట్రడిజియొనాలె’, డీఓపీ ముద్ర ఉన్నది (ఫలానా ప్రాంతంలో, ఫలానా పద్ధతిలోనే చేశారని చెప్పే యూరప్ గుర్తింపు). కాచిన ద్రాక్షరసం తప్ప ఇంకేమీ కలపరు. ఇళ్ళ అటకల మీద పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా పేర్చిన చెక్క పీపాల్లో కనీసం 12 ఏళ్ళు మాగాలి, ‘ఎక్స్‌ట్రావెక్కియో’ అంటే 25 ఏళ్ళు. రెండోది ఐజీపీ, అంటే షరతులు తక్కువున్న ప్రాంతీయ ముద్ర, సూపర్‌మార్కెట్లో దొరికేది. ద్రాక్షరసంలో వైన్ వెనిగర్ కలుపుతారు, రంగుకి క్యారమెల్ వేయొచ్చు, 60 రోజులు ఆగితే చాలు. సలాడ్‌కి రెండోదే సరిపోతుంది, అందులో తప్పేం లేదు. తప్పల్లా దాన్ని మొదటిదని చెప్పి అమ్మడంలోనే. అటక మీదికి తీసుకెళ్ళి పాత పీపాలు చూపిస్తారు, కథంతా పన్నెండేళ్ళదీ ఇరవై అయిదేళ్ళదీ చెప్తారు. కిందికి దిగాక చెంచాలో పోసేది, బల్ల మీద అమ్మకానికి పెట్టేది మాత్రం ‘కొండిమెంతో’ అనే మూడో రకం. దానికి డీఓపీ షరతులు వర్తించవు. ఒక్కోసారి బాగానే ఉంటుంది, కానీ దాని మీద రాసిన అంకె వయసని ఎవరూ హామీ ఇవ్వరు.

సీసా చూసి పట్టుకోవచ్చు. మోదెనా ట్రడిజియొనాలె బయటికొచ్చే సీసా ఒకే ఆకారం: గుండ్రటి పొట్ట, చదరపు అడుగు, మామూలుగా 100 మిల్లీలీటర్లు, మూత మీద నంబరున్న సీలు. కారు డిజైనర్ జోర్జెత్తో జుజారో గీసిన సీసా అది. ఉత్పత్తిదారు ఎవరైనా అదే సీసా వాడాలి. 12 ఏళ్ళది సుమారు 40-50 యూరోల దగ్గర మొదలవుతుంది, 25 ఏళ్ళది దాదాపు రెట్టింపు. పొడుగాటి అందమైన సీసాలో 250 మిల్లీలీటర్లు పోసి ‘25 ఏళ్ళది, మీకోసం 60 యూరోలు’ అంటే అది ట్రడిజియొనాలె కాదు. ఇలాంటి చోట జరిగే కొనుగోళ్ళ మీద తీసుకొచ్చినవాళ్ళకి కమిషన్ ఉండొచ్చు, కాబట్టి ‘గైడే చెప్పాడు కదా’ అని కొనకండి.

శాకాహారులు ఈ భాగం రెండుసార్లు చదవండి. పార్మిజానో శాకాహారం కాదు. డీఓపీ నిబంధన ప్రకారమే దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడాలి. దాన్ని పోలిన గ్రానా పదానో చీజ్ కూడా జంతు రెన్నెట్‌తోనే. ఇటలీలో ‘వెజెతరియానో’ అని చెప్తే మాంసం ముక్క కనిపించని పళ్ళెం పెడతారు, పైన ఈ చీజ్ తురుముతారు. వాళ్ళ లెక్కలో అది తప్పు కాదు. తర్వాత పంది కొవ్వు, ‘స్ట్రుట్టో’. మోదెనాలో ఉబ్బిన పూరీలా వచ్చే న్యోక్కో ఫ్రిత్తో సంప్రదాయంగా వేగేది అందులోనే, రొమాన్యా వైపు పియదీనా రొట్టె పిండిలోనూ అదే కలుపుతారు. పూరీలా, రొట్టెలా కనిపించేసరికి మనవాళ్ళు అడక్కుండా తినేది ఈ రెండే. తోర్తెల్లీని అనే చిన్న చుట్టల పాస్తా లోపల పంది మాంసం, చుట్టూ మాంసం కాచిన రసం. తల్యాతెల్లె అనే తాజా రిబ్బను పాస్తా పిండిలో నీళ్ళుండవు, గుడ్లే: 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు.

‘వెజ్ ఏర్పాటు ఉంది సార్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటే ఎనిమిది రోజులూ టొమాటో పాస్తానే. ఏ పూట ఏ తిండిశాల, అక్కడ ఏ వంటకం అని పేర్లతో రాసిమ్మనండి. చీజ్, గుడ్డు తినేవాళ్ళకి నిజానికి ఇది మంచి ప్రాంతం: పార్మాలో ఆకుకూర, రికొత్తా అనే మెత్తటి చీజ్ పెట్టిన తోర్తెల్లి దెర్బెత్తా, ఫెర్రారా వైపు గుమ్మడికాయ పెట్టిన కప్పెల్లాచ్చి. ఈ పేర్లు మీ లిస్టులో లేకపోతే ఎవరూ మీ కోసం ఆలోచించలేదన్నమాట. గుడ్డు కూడా తినకపోతే ‘పాస్తా సెక్క ది సెమొలా’, అంటే గుడ్డు లేని ఎండు పాస్తా, అడగాలి. ఒక కాగితం మీద ఇటాలియన్‌లో రాయించుకుని జేబులో పెట్టుకోండి: సెంజా కార్నె, సెంజా పెషె, సెంజా ఉవోవ, సెంజా స్ట్రుట్టో, సెంజా కాల్యో అనిమాలె. మాంసం, చేప, గుడ్డు, పంది కొవ్వు, జంతు రెన్నెట్ వద్దని అర్థం. ప్రతి తిండిశాలకీ కనీసం ముందు రోజే ఇది చేరాలి. బల్ల దగ్గర కూర్చున్నాక చెప్తే వంటవాళ్ళ చేతిలో ఏమీ ఉండదు.

వంట క్లాసుకి పరీక్ష చాలా సులువు. మనిషికో చెక్క పలక, మనిషికో కర్ర ఉంటాయా అని అడగండి. ఆ కర్ర మన అప్పడాల కర్ర లాంటిదే, కాకపోతే దాదాపు చేయి పొడవుంటుంది. పిండి కలిపి, అరగంట నాననిచ్చి, అవతల వెలుతురు కనిపించేంత పల్చగా ఒత్తి, కోసి, వండి తినడానికి మూడు గంటలు పడుతుంది. ప్లాన్‌లో ‘వంట క్లాసు, గంటన్నర’ అని ఉంటే మీరు ఒత్తరు, చూస్తారు. పది మంది దాటితే నేర్పే ఆవిడ మీ పలక దగ్గరికి రాలేదు. తల్యాతెల్లె వెడల్పు ఉడికాక 8 మిల్లీమీటర్లు ఉండాలని బొలోన్యా ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో 1972లో నమోదు చేసి పెట్టుకున్న ఊరది. అంత పట్టింపు ఉన్న పనిని ఇరవై ఆరు మందికి గంటన్నరలో నేర్పలేరు.

అసలు ఆ ఇరవై ఆరు మంది ఎలా వచ్చారంటే, బ్రోషర్లో ‘సగటున 12 మంది’ అని ఉంది. సగటు వేరు, గరిష్ఠం వేరు. పైగా ఇంకో ఏజెన్సీ వాళ్ళని అదే బస్సులో కలిపారు. ‘గరిష్ఠంగా ఎంతమంది, వేరే ఏజెన్సీ వాళ్ళని కలుపుతారా’ అని అడగండి. జవాబు నాన్చితే ‘ఏ బండి వేస్తున్నారు’ అని అడగండి. 8 సీట్ల వ్యానో, 19 సీట్ల మినీబస్సో అంటే సరే. యాభై సీట్ల కోచ్ అంటే మిగతా సీట్లు ఖాళీగా ఉంచరు. రవెన్నాలో గల్లా ప్లచీదియా సమాధి మందిరంలో లోపల అయిదు నిమిషాలకి మించి ఉండనివ్వరు. నలుగురితో వెళ్తే ఆ అయిదు నిమిషాలు నీలం మొజాయిక్ చూస్తారు, పెద్ద గుంపుతో వెళ్తే ముందువాళ్ళ తలకాయలు చూస్తారు.

కూడా వచ్చే టూర్ లీడర్, గైడు ఒకరు కారు. ఇటలీలో కట్టడాల దగ్గర వివరించి చెప్పడానికి లైసెన్సున్న గైడ్ ఉండాలి. ‘లైసెన్స్‌డ్ గైడ్ ఏ ఊళ్ళో, ఎన్ని గంటలు’ అని రాయించుకోకపోతే చాలా ఊళ్ళలో మీకు దొరికేది ‘రెండు గంటల ఫ్రీ టైమ్’.

హోటల్ విషయంలో ‘బొలోన్యా లేదా సమానమైనది’ అన్న మాట దగ్గర ఆగండి. మార్చిలో కాస్మోప్రోఫ్, సెప్టెంబర్లో చెర్సాయే లాంటి పెద్ద ఎగ్జిబిషన్లు జరిగే వారాల్లో ఊళ్ళో గదుల ధరలు మండిపోతాయి, బృందాన్ని హైవే పక్కకి తోసేస్తారు. పాత ఊళ్ళోకి బళ్ళు రానివ్వని జడ్‌టీఎల్ ఉంటుంది, కాబట్టి ‘సెంటర్‌లోనే హోటల్’ అన్నా బస్సు ఎక్కడ దింపుతుందో, పెట్టెలు ఎంత దూరం లాగాలో అడగాలి. ఇంట్లో పెద్దవాళ్ళతో వెళ్తే మరీను. హోటల్లో తలకి, రాత్రికి ఇంత అని కట్టే సిటీ ట్యాక్స్ దాదాపు ఎప్పుడూ ప్యాకేజీ ధరలో ఉండదు. ధర పోల్చుకోవడానికి ఒక లెక్క: బొలోన్యా నుంచి మోదెనాకి రీజనల్ రైలు అరగంట లోపు, టికెట్టు అయిదు యూరోల లోపు. ‘ఆప్షనల్ మోదెనా ట్రిప్ 70 యూరోలు’ అన్నప్పుడు ఈ అంకె గుర్తు తెచ్చుకోండి.

డబ్బు కట్టే తీరు. వ్యక్తిగత యూపీఐ నంబరుకి పంపొద్దు. క్రెడిట్ కార్డు మీద, సంస్థ పేరు మీదే కట్టండి, అప్పుడే బ్యాంకు దగ్గర వివాదం వేయడానికి వీలుంటుంది. కనీస సంఖ్య రాకపోతే టూర్ రద్దు చేసే హక్కు వాళ్ళకుంటే, ఏ తేదీలోపు చెప్తారో రాయించుకోండి. వీసా తిరస్కరిస్తే ఎంత వెనక్కి వస్తుందో విడిగా రాయించుకోండి, షెంగెన్ వీసా ఫీజు 90 యూరోలు ఎలాగూ రాదు.

జర్మనీ, ఐర్లాండ్ లాంటి చోట్ల ఉన్న మనవాళ్ళు అక్కడి సంస్థ దగ్గర కొంటే యూరప్ ప్యాకేజీ ట్రావెల్ చట్టం మీవైపు ఉంటుంది. ధర 8 శాతం దాటి పెంచితే జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు, బయల్దేరడానికి 20 రోజుల లోపు ధర పెంచడానికి వీల్లేదు. ఆరు రోజులు దాటిన టూర్‌ని మంది చాలలేదని రద్దు చేయాలంటే కనీసం 20 రోజుల ముందు చెప్పాలి. బ్రిటన్‌లో క్రెడిట్ కార్డు మీద 100 పౌండ్లు దాటిన కొనుగోలుకి సెక్షన్ 75 ఉంది, అంటే సంస్థ మాట తప్పితే కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొన్నవాళ్ళకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. తేలకపోతే మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, సంస్థ ఆఫీసు ముంబైలో ఉన్నా సరే. కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. కాకపోతే రుజువు అక్కడే, ఆ రోజే పుట్టాలి. డెయిరీలో ఖాళీ కాగుల ఫోటో, అందులో టైము. బస్సులో తలల లెక్క. ఆ రాత్రే సంస్థకి మెయిల్: ‘ఫలానా తేదీన చీజ్ తయారీ అని ఉంది, 11:20కి తీసుకెళ్ళారు, పని అయిపోయింది, బదులు ఏమిస్తారు?’ వాట్సాప్ గ్రూపులో తిట్టుకుంటే సరిపోదు, గ్రూపు అడ్మిన్ వాళ్ళ మనిషే, తిరిగొచ్చేసరికి ఆ గ్రూపు తీసేసి ఉంటుంది.