న్యూటన్ ఇల్లు చూద్దామని పోతే మా నాన్న గోడలు కొట్టి చూశాడు

"పాతకాలపు రాతి ఫామ్‌హౌస్‌లో బస" అనే ఫోటోలు చూసి ఇంగ్లండ్‌లో రూమ్ బుక్ చేసే ముందు కాస్త ఆగండి, మేం గ్రాంథమ్ దగ్గర ఒక్క రాత్రికి 135 పౌండ్లు పెట్టి మునిగాం.

నాన్న తాండూరులో ముప్పై ఏళ్లు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నడిపిన మనిషి. పెట్టెలు లోపల పెట్టకముందే గోడ మీద టకటక కొట్టి "ఇది రాతిగోడ కాదురా, ఇటుకకి రాయి అతికించిండ్రు" అన్నాడు. నేను నమ్మలేదు. కిటికీ దగ్గరికి లాక్కెళ్లి చూపించాడు, లోపలి గట్టు మీద టీ కప్పు పెడితే ఇంక చోటు లేదు, అసలు రాతిగోడైతే అక్కడ మనిషే కూర్చోవచ్చంట. ఇంటి మూలల్లో కూడా రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని పక్క గోడలోకి తిరగలేదు, సన్నటి పలకల అంచులు కనబడుతున్నాయి. ఓనరమ్మని అడిగితే రీనొవేట్ చేశాం అని నవ్వేసి పోయింది. పొద్దున టోస్టు, చల్లారిన బీన్స్. అమ్మ మూతి ముడుచుకుని బ్యాగులోంచి నల్లకారం తీసింది.

తర్వాత టాక్సీ గొడవ. గ్రాంథమ్ దగ్గర ఊల్స్‌థార్ప్ అనే ఊళ్లు రెండున్నాయి! న్యూటన్‌ది కోల్‌స్టర్‌వర్త్ పక్కది, మమ్మల్ని తీసుకెళ్లి రెండో దాంట్లో దింపాడు, 24 పౌండ్లు, మళ్లీ అసలు ఊరికి ఇంకో 38. పోస్ట్‌కోడ్ చూపించకుండా ఎక్కొద్దు. లండన్ నుంచి రైలు మాత్రం గంటా పదినిమిషాలు, హాయిగా వచ్చాం.

ఇల్లు చూశాక అవన్నీ మర్చిపోయా. ఇంటి పేరు ఊల్స్‌థార్ప్ మేనర్, మేనర్ అంటే మహల్ అనుకున్నాం గానీ గొర్రెలు పెంచుకున్న రైతు కుటుంబం ఇల్లే, 17వ శతాబ్దంది, అక్కడి సున్నపురాయితోనే కట్టారు. మన నాపరాయి కూడా సున్నపురాయే కదా, నాన్నకి చుట్టాలింటికి వచ్చినట్టయింది. కిటికీలకి చెక్క బదులు మధ్యలో నిలువు రాతి కమ్మీలు, గట్లు ఎంత లోతో. ఇలాంటి పాత గోడలకి లోపల బయట రెండు రాతి వరసలు పేర్చి మధ్యలో చిన్నరాళ్లు, సున్నం నింపుతారు, సున్నమైతే తడి బయటికి పోతుంది, సిమెంటు పూస్తే లోపలే ఉండి రాయిని తినేస్తుంది అని నాన్న నాకు క్లాసు పీకాడు. నీలి కోటు వేసుకున్న వాలంటీరు ముసలావిడ, నాన్న మాటలు అర్థం కాకపోయినా ఆగి వింది, గోడ మీద చెయ్యి వేయబోతే మాత్రం వేలు ఊపింది.

1642 క్రిస్మస్ నాడు (వాళ్ల పాత క్యాలెండర్ లెక్కలో) న్యూటన్ పుట్టిన గది మేడమీద ఉంది. 1665లో ప్లేగు వచ్చి కేంబ్రిడ్జ్ మూసేస్తే ఇక్కడికే వచ్చి పట్టకంతో వెలుగుని విడగొట్టి చూశాడు. బయట ఆపిల్ చెట్టు కూడా ఉంది, 1820లో గాలివానకి పడిపోయి మళ్లీ వేరు పట్టిందంట. అందరూ దాని దగ్గరే ఫోటోలు. నాన్న అటు చూడనే లేదు, ఇంటి వెనక మూల దగ్గర నిలబడి రాళ్లు ఎలా తిప్పారో ఒక్కోటి లెక్కపెడుతున్నాడు.

తిరుగు రైల్లో అరగంట మాట్లాడలేదు. తర్వాత "ఆ అతికించిన రాయి నన్నడిగితే అడుగు అరవై రూపాయలకి నేనే పంపేటోణ్ని కదరా" అన్నాడు.