అండమాన్ ట్రంక్ రోడ్డు మీద డిగ్లిపూర్ దాకా

అండమాన్‌కు వెళ్లినవారిలో చాలామంది హేవ్‌లాక్, నీల్ దీవులు చూసి విమానం ఎక్కేస్తారు. ఉత్తరాన డిగ్లిపూర్ చూడాలనుకుంటే అండమాన్ ట్రంక్ రోడ్డు పట్టుకోవాలి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురం) నుంచి 300 కిలోమీటర్ల పైచిలుకు. కాగితాల మీద అది 4వ నంబరు జాతీయ రహదారి, అక్కడివాళ్లకు ఏటీఆర్. తెల్లవారకముందే బస్సెక్కితే చేరేసరికి సాయంత్రమవుతుంది.

జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నీ బారులు తీరి, పోలీసు కాపలాతో గుంపుగా కదులుతాయి. అక్కడినుంచి జారవా అనే ఆదివాసీల అడవి. ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, వాళ్లకు తిండి ఇవ్వకూడదు. 1970లలో ఈ అడవిని కోసి రోడ్డు వేస్తుంటే జారవాలు బాణాలతో అడ్డుకున్నారు, కూలీలు చనిపోయారు. జారవాల రిజర్వు గుండా పోయే రోడ్డు భాగాన్ని మూసేయమని సుప్రీంకోర్టు 2002లో ఆదేశించింది. అయినా బస్సులు నడుస్తూనే ఉన్నాయి. ఈ దారిలోనే ముందున్న రంగత్, మాయాబందర్ ఊళ్ల వాసులకు ఆసుపత్రికైనా సరుకులకైనా ఇదే ముఖ్యమైన దారి కాబట్టి వాళ్లను తప్పుపట్టలేను. కానీ ఒక్క పూటలో బారాటాంగ్ దీవిలోని సున్నపురాతి గుహలు చూసి వచ్చేయడానికి రెండుసార్లు ఆ అడవి గుండా పోవడం నాకు నచ్చలేదు. గుహలు బాగానే ఉంటాయి, మడ అడవుల మధ్య పడవ ప్రయాణం ఇంకా బాగుంటుంది. అయితే మా బస్సులో సగంమంది కళ్లు గుహల కోసం కాదు, కిటికీలోంచి జారవాల కోసం వెతుకుతున్నాయి. మనుషులను చూడటానికి టికెట్టు కొనడమా?

మిడిల్ స్ట్రెయిట్ అనే జలసంధి దగ్గర బస్సుతో సహా బల్లకట్టు ఎక్కి అవతలికి చేరతాం. రంగత్‌లో లాడ్జీలు మామూలువే, రాత్రి గడపడానికి చాలు. మాయాబందర్‌లో సముద్రం కనిపించే ప్రభుత్వ అతిథి గృహం దొరికితే వదులుకోవద్దు. ముందే బుక్ చేసుకోవాలి. డిగ్లిపూర్‌లో ఊళ్లో కాకుండా కాలిపూర్ తీరాన ఉండటం మేలు. చలికాలంలో అక్కడ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఏరియల్ బే జెట్టీ నుంచి పడవలో రాస్, స్మిత్ దీవులకు వెళ్లవచ్చు. ఆ రెంటినీ కలిపే ఇసుక తిన్నె కోసమైనా ఇంత దూరం రావచ్చు.

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు చాలాచోట్ల వినిపిస్తుంది, ఉత్తరానికి పోయేకొద్దీ బెంగాలీ ఎక్కువ. హిందీతో ఎక్కడైనా గడిచిపోతుంది. చేపల కూరతో భోజనం రోడ్డు పక్క హోటళ్లలోనే రుచి. చేతిలో నగదు ఉంచుకోండి, ఫోను సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. తిరుగు ప్రయాణానికి ఏరియల్ బే నుంచి ఓడ టికెట్టు దొరికితే అదే తీసుకోండి.