బిగ్ బాస్ తెలుగు: ఎలిమినేషన్ పద్ధతిపై ఒక సమీక్ష
2017లో మొదలై, రెండవ సీజన్ నుంచి హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌కు తరలివచ్చిన బిగ్ బాస్ తెలుగును వినోదంగా చూస్తే లోటేమీ లేదు గానీ, పోటీగా చూస్తే ఎలిమినేషన్, అంటే పోటీదారులను ఇంటి నుంచి పంపించే పద్ధతి, దగ్గరే పేచీ వస్తుంది. ఎవరు ప్రేక్షకుల ఓట్లకు నిలబడాలో ఇంటి సభ్యులే ఒకరినొకరు నామినేట్ చేసుకుంటారు గనుక, ఎవరి జోలికీ పోనివారు చాలా వారాలు ఓట్ల పరీక్షను తప్పించుకోగలరు. పైగా ప్రేక్షకులు వేసేది కాపాడే ఓటే కావడంతో, టాస్కుల్లో చెమటోడ్చినవారి కంటే బయట అభిమానుల బలగం ఉన్నవారికే మొగ్గు ఎక్కువ. వారాంతంలో నాగార్జున ఒక్కొక్కరినీ ‘సేఫ్’ అని ప్రకటిస్తూ, చివరి ఇద్దరినీ నిలబెట్టి ఊరించే ఘట్టం రక్తి కడుతుంది, కాదనను. కానీ ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో చెప్పరు. అదే ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ క్విజ్‌లోనైతే, పోటీదారు ఎందుకు వెనుదిరుగుతున్నారో ఇంట్లో కూర్చుని చూసేవారికీ తెలిసేది. ఓట్ల లెక్క తెరపై వేసేదాకా ఈ కార్యక్రమానికి ఐదుకు రెండున్నర మార్కులకు మించి ఇవ్వలేను.