హెవెన్స్-అబౌవ్: మేడ మీద నుంచి ఉపగ్రహాల పేర్లు పట్టుకోవడానికి

ఫోన్ ఆకాశం వైపు ఎత్తితే ఉపగ్రహం పేరు చూపించే యాప్‌లు చాలానే వాడాను. ఏళ్ల తరబడి నిలిచింది మాత్రం హెవెన్స్-అబౌవ్ వెబ్‌సైటే. వాటర్ ట్యాంకు, ఇనుప చువ్వల దగ్గర ఫోన్ దిక్సూచి తేడాగా చూపిస్తుంది. ఇదైతే టైమ్, దిక్కు, ఎత్తు అంకెల్లో ఇస్తుంది. డబ్బులేమీ కట్టక్కర్లేదు.

ముందు లొకేషన్ పెట్టుకోవాలి. లేకపోతే సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశానికి లెక్క కడుతుంది. పట్టికలో ఒక్కో ఉపగ్రహం పక్కన మాగ్నిట్యూడ్, అంటే వెలుగు కొలత ఉంటుంది. ఆ అంకె ఎంత తగ్గితే వెలుగు అంత ఎక్కువ. హైదరాబాద్ లైట్ల మధ్య నేను 3 దాటినవాటి జోలికి పోను.

అసలు కిటుకు, కదిలే చుక్క మనకు తెలిసిన నక్షత్రాన్ని దాటిన టైమ్ సెకన్లతో సహా రాసుకోవడం. ఒక వేసవి సాయంత్రం స్వాతి నక్షత్రాన్ని దాదాపు తాకుతున్నట్టుగా ఉత్తరానికి పోతున్న చుక్క ఒకటి వెలుగుతూ, మసకబారుతూ కనిపించింది. పట్టికలో ఆ నిమిషానికి రెండు పేర్లున్నాయి. ఒక్కోదాని పటం తెరిచి చూస్తే మొదటిది చిత్త నక్షత్రానికి దిగువగా పోతోంది. స్వాతి పక్కన వెళ్లింది రెండోదే, పేరు చివర రాకెట్ అని ఉంది. పని అయిపోయి కక్ష్యలో మిగిలిన రాకెట్ భాగం అదుపు లేకుండా దొర్లుతుంది, ఎండ పడే వైపు మారుతుంటుంది కాబట్టి వెలుగూ మారుతుంది. ఆ పేరు దొరికిన ఆనందం ఇంతా అంతా కాదు!

అంతరిక్ష కేంద్రాన్ని ఎవరైనా పట్టేస్తారు. నాకు ఇష్టమైనది హబుల్ అంతరిక్ష టెలిస్కోప్. దాని కక్ష్య భూమధ్యరేఖకు 28.5 డిగ్రీల వాలులోనే ఉంటుంది కాబట్టి ఉత్తర ఐరోపా వాళ్లకు కనపడదు, మనకు నడినెత్తి మీదుగా కూడా పోతుంది. 1990 నుంచి పనిచేస్తున్న టెలిస్కోప్‌ని మామూలు కంటితో చూడగలగడం నాకిప్పటికీ అబ్బురమే.

ఇబ్బందులూ ఉన్నాయి. పటంలో తూర్పు పడమరలు తారుమారైనట్టుంటాయి, దాన్ని తల మీద పట్టుకుని చూడాలి. కొత్తగా ప్రయోగించిన స్టార్‌లింక్ (ఇంటర్నెట్ అందించే ఉపగ్రహాలు) వరుసలు కక్ష్య ఎత్తు పెంచుకుంటూ పోతాయి కాబట్టి పాత లెక్కలు తప్పుతాయి. బయటికెళ్లే ముందు పేజీని మళ్లీ లోడ్ చేయండి, చెప్పిన టైముకి కొన్ని నిమిషాల ముందే మేడెక్కండి. చుక్క నడిఆకాశంలో ఆరిపోతే కంగారు పడొద్దు, అది భూమి నీడలోకి వెళ్లిందన్నమాట. ఆ టైమ్ కూడా పట్టికలోనే ఉంటుంది.