కోరంగి మడ అడవి: ఆటు సమయంలోనే వెళ్ళండి

కాకినాడ నుంచి 20 కిలోమీటర్ల లోపే. ఆరో తరగతి చదివే మా బాబుకి ఆహార గొలుసు పాఠం ఎక్కలేదని తీసుకెళ్ళాను. పోటు మీదుంటే పడవ షికారు హాయిగా ఉంటుంది. కానీ నా మాట వింటే ఆటుకి నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు చెక్కబాట మీద నడవండి, బురద బయటపడుతుంది.

ఇక్కడ పచ్చి ఆకు తినేవి తక్కువ. రాలిన ఆకే అసలు మేత. పీతలు దాన్ని బొరియల్లోకి లాక్కుపోయి చీల్చి తింటాయి. మిగిలిన ముక్కల్ని బూజూ, బాక్టీరియా కుళ్ళబెడతాయి. ఆ కుళ్ళే రొయ్యపిల్లలకి తిండి. వాటిని చేపలు, చేపల్ని కొంగలు, నీటికుక్కలు, బావురుపిల్లులు తింటాయి. మెట్టు మారిన ప్రతిసారీ సుమారు 10 శాతం శక్తే పైకి చేరుతుంది. అందుకే పీతలు లెక్కలేనన్ని, బావురుపిల్లి మాత్రం కంటపడదు. మాకూ కనపడలేదు, బాబు చాలా దిగులుపడ్డాడు.

బురద మీద గెంతే చేపల దగ్గర అరగంట కదల్లేదు వాడు. "అమ్మా, మనం తినే రొయ్య కూడా ఈ ఆకులోంచే వచ్చిందా?" అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

దోమలున్నాయి, నిండు చేతుల చొక్కా వేయండి. ఐదుకి ఐదు.